గీత బయట నిలబడ్డ మిడ్‌ఫీల్డర్: జపాన్ ఫుట్‌బాల్ నుంచి ఒక కేస్ స్టడీ

జపాన్‌లో ఫుట్‌బాల్ కోచ్‌లకు తోడుగా పనిచేయడం నా వృత్తి. జట్టుకు నేను శిక్షణ ఇవ్వను. జట్టును నడిపే మనిషి నిర్ణయాలు ఎలా తీసుకుంటున్నారు, అవి ఆటగాళ్ల దాకా ఎలా చేరుతున్నాయి అన్నది ఆయనతో కలిసి కూర్చుని చూస్తాను. ఈ కేసు రాయడానికి ఆయన అనుమతి ఉంది. క్లబ్, ఊరు, సీజన్, స్కోర్లు చెప్పడం లేదు. గుర్తుపట్టే వీలున్న వివరాలు కొన్ని మార్చాను. ఆయన్ని ఇక్కడ ‘ఎన్’ అంటాను.

పేరున్న ఆటగాడు కోచ్ అయ్యాక తడబడితే, "ఆడటం వేరు, ఆడించడం వేరు" అని అందరూ సులువుగా తేల్చేస్తారు. ఆ మాటతో ఆ మనిషి కెరీరే ముగిసిపోతుంది. ఎన్ విషయంలో తడబాటు ఎక్కడ మొదలైందో వెతికితే దొరికింది. అందుకే రాస్తున్నాను.

నేపథ్యం

ఎన్ పదేళ్లకు పైగా జపాన్ ప్రొఫెషనల్ లీగ్ అయిన జె-లీగ్‌లో ఆడారు, కొంతకాలం పై అంచె జె1లో, కొంతకాలం రెండో అంచె జె2లో. జపాన్‌లో వోలాంటే అని పిలిచే స్థానం ఆయనది, అంటే డిఫెన్స్‌కు ముందు నిలబడే మిడ్‌ఫీల్డర్. గోల్స్ పెద్దగా కొట్టలేదు, వేగం కూడా మామూలే. కానీ ప్రత్యర్థి పాస్ ఎక్కడికి వెళ్లబోతోందో అక్కడ ఆయన ముందే ఉండేవారు. అప్పటి కోచ్‌లందరూ ఆయన గురించి చెప్పే మాట అదే.

రిటైరయ్యాక అదే క్లబ్‌లో కుర్రాళ్ల జట్టుకు కోచ్ అయ్యారు. జపాన్ ఫుట్‌బాల్ సంఘం లైసెన్సులు ఒక్కో మెట్టే ఎక్కి, జె1, జె2 జట్లకు హెడ్ కోచ్‌గా ఉండాలంటే తప్పనిసరైన పై లైసెన్సు దాకా వచ్చారు. తర్వాత పెద్ద జట్టులో అసిస్టెంట్. ఒక సీజన్ మధ్యలో వరస ఓటములతో హెడ్ కోచ్‌ని తీసేసి, ఎన్‌ని ఆ కుర్చీలో కూర్చోబెట్టారు.

జపాన్‌లో ఇలా మధ్యలో పగ్గాలు అందుకోవడానికి అందరికీ గుర్తొచ్చే ఉదాహరణ తకేషి ఒకాడా. 1997 అక్టోబరులో అల్మాటీలో కజకిస్తాన్‌తో మ్యాచ్ డ్రా అయ్యాక జాతీయ జట్టు కోచ్ షు కామోని తొలగించి, అసిస్టెంట్‌గా ఉన్న ఒకాడాకి జట్టు అప్పగించారు. అప్పటిదాకా ఆయన ఏ పెద్ద జట్టుకూ హెడ్ కోచ్‌గా చేయలేదు. సుమారు ఆరు వారాల్లో, జొహోర్ బహ్రులో ఇరాన్‌ని 3-2తో ఓడించి జపాన్‌ని మొదటిసారి ప్రపంచ కప్‌కి తీసుకెళ్లారు. ఎన్‌కి కుర్చీ ఇచ్చిన రోజు క్లబ్ అధికారి కూడా ఒకాడా పేరే ఎత్తారట. ఆ మాట ధైర్యం కోసమే అన్నది, కానీ ఎన్ భుజాల మీద బరువు పెంచింది.

తెలుగు పాఠకులకు ఇక్కడ ఒక విషయం చెప్పాలనిపిస్తోంది. 1962 జకార్తా ఆసియా క్రీడల్లో, హైదరాబాద్‌కు చెందిన సయ్యద్ అబ్దుల్ రహీం శిక్షణలో మన జట్టు ఇదే జపాన్‌ని 2-0తో ఓడించి, చివరికి బంగారు పతకం గెలిచింది. 1963లో రహీం పోయారు. ఆయనకు తెలిసినది తర్వాతి కోచ్‌లకు అందించే ఏర్పాటు మన దగ్గర నిలబడలేదు. జపాన్ 1960లోనే జర్మనీ నుంచి కోచ్ డెట్‌మార్ క్రామర్‌ని పిలిపించుకుంది. ఆయన సలహాతో 1965లో దేశవాళీ లీగ్ మొదలుపెట్టింది, 1968 మెక్సికో ఒలింపిక్స్‌లో కాంస్యం గెలిచింది, ఆ తర్వాత కోచ్‌లను తయారుచేయడాన్నే ఒక వ్యవస్థగా కట్టుకుంటూ వచ్చింది. ఎన్ ఎక్కిన మెట్లు అలా వచ్చినవే. అయినా ఆ మెట్లన్నీ ఎక్కిన మనిషికి కూడా ఒక చోట లోటు మిగిలిపోయింది.

సమస్య ఎవరికి ఎలా కనిపించింది

నన్ను పిలిచింది క్లబ్‌లో జట్టు ఎంపిక బాధ్యతలు చూసే అధికారి. నేను పెట్టిన షరతు ఒక్కటే: ఎన్ నాతో మాట్లాడేది క్లబ్‌కి చేరదు. జీతం ఇచ్చేవాళ్ల చెవిన పడుతుందన్న అనుమానం ఉంటే ఏ కోచ్ అయినా తనకి తెలిసిన జవాబులే చెబుతారు, తెలియనివి దాచేస్తారు. అధికారి కొంచెం ఆలోచించి ఒప్పుకున్నారు.

అధికారి చెప్పిన సమస్య: జట్టు బాగానే ఆడుతోంది, చివరి పావుగంటలో గోల్స్ ఇచ్చేస్తోంది, ఆటగాళ్లు కోచ్ మాట వినడం లేదేమో. ఎన్ చెప్పింది: "వాళ్లకి స్టామినా చాలడం లేదు. అలసిపోతే బుర్ర పనిచేయదు." ఆటగాళ్లను విడివిడిగా అడిగితే వచ్చిన జవాబు వేరు. ఒక కుర్ర డిఫెండర్ అన్నాడు: "కోచ్‌గారు చెబుతూనే ఉంటారండీ. అందుకే మేం ఆయన వైపు చూస్తూ ఉంటాం."

చివర్లో గోల్ ఇవ్వడం జపాన్‌లో మామూలు విషయం కాదు. ఎన్ తరం వాళ్లందరికీ 1993 అక్టోబరు 28 గుర్తుంటుంది. దోహాలో ఇరాక్ మీద 2-1 ఆధిక్యంలో ఉండి, ఇంజ్యురీ టైమ్‌లో ఒక కార్నర్ నుంచి గోల్ ఇచ్చి, 1994 ప్రపంచ కప్‌లో ఆడే అవకాశాన్ని చేతికందాక జపాన్ పోగొట్టుకుంది. ఆ రోజు మైదానంలో వోలాంటేగా ఉన్నది, తర్వాత జాతీయ జట్టు హెడ్ కోచ్ అయిన హజిమె మొరియాసు. 2018లో రోస్తోవ్‌లో బెల్జియం మీద 2-0 ఆధిక్యం నుంచి ఆఖరి క్షణాల్లో 3-2తో ఓడినప్పుడు ఆయనే అసిస్టెంట్‌గా బెంచ్ మీద ఉన్నారు. చిన్నప్పుడు టీవీలో దోహా చూసి ఏడ్చానని ఎన్ నాతో చెప్పారు. ఎనభయ్యో నిమిషం దాటగానే ఆయనకి టెన్షన్ మొదలయ్యేది. ఆ టెన్షన్ ఆయన్ని బెంచ్ మీంచి లేపి మైదానం అంచు గీత దాకా తీసుకొచ్చేది.

గీత దగ్గర ఏం జరిగేదో మొదట నా కంటితో చూడాలనుకున్నాను. అందుకని సలహా అన్నదేమీ ఇవ్వకుండా శిక్షణకీ మ్యాచ్‌లకీ వెళ్లాను. బంతిని చూడటం మానేసి, చివరి పావుగంటంతా ఎన్‌నీ డిఫెన్స్ లైన్‌నీ, అంటే వరసగా నిలబడే డిఫెండర్లనీ, మాత్రమే చూశాను.

ఎన్ అరిచేవారు: "ముందుకి! వెనక్కి! లోపలికి!" ఆయన చెప్పేవన్నీ సరైనవే. కానీ జె-లీగ్ స్టేడియంలో డ్రమ్ములు, పాటలు మ్యాచ్ మొదలైనప్పటి నుంచి ముగిసేదాకా ఆగవు. ఆయన గొంతు బెంచ్ వైపు ఉన్న డిఫెండర్‌కి అందేది, అతని పక్కవాడికి సగం అందేది, అవతలి పక్కన ఉన్నవాళ్లకి అసలు అందేది కాదు. ఇవతలి వాళ్లు రెండడుగులు ముందుకి వేస్తే అవతలి వాళ్లు ఉన్నచోటే ఉండేవారు. లైన్ మధ్యలో విరిగేది. ప్రత్యర్థి ఫార్వర్డ్ ఆ విరిగిన చోటులోంచే దూరేవాడు. క్లబ్ అనలిస్ట్‌తో కూర్చుని చివర్లో ఇచ్చిన గోల్స్ వెనక్కి తిప్పి చూస్తే, ఎక్కువ భాగం అలాగే పడ్డాయి. కోచ్ సరైన మాట సగం జట్టుకి మాత్రమే చేరడం వల్ల నష్టం జరుగుతోంది. ఆయన ఏమీ చెప్పకుండా ఉండి ఉంటే లైన్ కలిసే ఉండేది.

ఆయనకి ఇది ముందు ఎందుకు తెలియలేదో కూడా అర్థమైంది. కుర్రాళ్ల మ్యాచ్‌లకి పక్కన నిలబడే తల్లిదండ్రులు తప్ప జనం ఉండరు. అసిస్టెంట్‌గా ఉన్న తొలి ఏళ్లేమో కరోనా కాలం, అప్పుడు జె-లీగ్‌లో ప్రేక్షకులు గొంతెత్తి అరవడం నిషేధం. అందుకే ఆయన కోచింగ్ నేర్చుకున్నన్నాళ్లూ గొంతు అందుతూనే వచ్చింది.

చేసి చూసినవి, కుదరనివి

నేను రాకముందే ఎన్ మూడు పనులు చేసి ఉన్నారు. మూడింటి వెనకా ఆలోచన ఉంది.

మొదటిది పరుగు పెంచడం. అలసటే కారణం అనుకున్నప్పుడు అది సహజమైన నిర్ణయం. కానీ ఆటగాళ్లు వేసుకునే జీపీఎస్ లెక్కల్లో చివరి పావుగంటలో వాళ్ల పరుగు చెప్పుకోదగ్గంత తగ్గలేదు. శిక్షణలో పెరిగిన పరుగు వల్ల శనివారానికి కాళ్లు బరువెక్కడం మాత్రం మొదలైంది. అనలిస్ట్ ఈ లెక్కలు చూపించగానే ఎన్ దాన్ని ఆపేశారు. తన నమ్మకానికి ఎదురైన లెక్కని అంత త్వరగా ఒప్పుకునే కోచ్‌లు తక్కువ. ఈ కేసు కుదురుతుందని నాకు నమ్మకం కలిగింది అక్కడే.

రెండోది వీడియో. ప్రతి ఓటమి తర్వాత జట్టంతటినీ కూర్చోబెట్టి, తప్పు జరిగిన చోట ఆపి, ఎవరు ఎక్కడ ఉండాలో చూపించేవారు. ఆటగాళ్లు తల ఊపేవారు. మళ్లీ అదే తప్పు జరిగేది. నాకు కనిపించిన కారణాలు రెండు. వీడియో పైనుంచి తీసినది, మైదానంలో నిలబడ్డవాడికి ఆ దృశ్యం ఎప్పటికీ కనిపించదు. పైగా ఆయన ఆపుతున్నది తప్పు జరిగిపోయాక. తప్పుకి రెండు క్షణాల ముందు ఏం కనిపించింది అన్నదే అసలు విషయం, అది ఆ సమావేశాల్లో వచ్చేది కాదు.

మూడోది, "మీరే చెప్పండి" అని అడగడం. తాను చెబుతూ ఉంటే ఆటగాళ్లు ఎదగడం లేదు, వాళ్లనే మాట్లాడనిద్దాం అని ఎన్ అనుకున్నారు. ఉద్దేశం మంచిదే, కానీ గది నిశ్శబ్దం. సీనియర్ల ముందు జూనియర్లు నోరు తెరవరు, కోచ్ ముందు సీనియర్లు తెరవరు. చివరికి కెప్టెన్ మొహమాటానికి ఏదో ఒకటి చెప్పడం, సమావేశం ముగియడం.

ఈ నిశ్శబ్దం ఎన్ జట్టుకే ప్రత్యేకం కాదు. 2022 ప్రపంచ కప్‌లో క్రొయేషియాతో పెనాల్టీల ముందు మొరియాసు తానుగా పేర్లు చెప్పకుండా, ఎవరు కొడతారో ముందుకు రమ్మని ఆటగాళ్లను అడిగారు. కాసేపు ఎవరూ మాట్లాడలేదు, తర్వాత తకుమి మినమినో చెయ్యెత్తాడు. జపాన్ నాలుగింట్లో మూడు పోగొట్టుకుని ఓడింది. ఆ మూడూ అడిగిన పద్ధతి వల్లే పోయాయని నేను అనను, అవతలి గోల్‌కీపర్ గొప్పగా ఆపాడు. కానీ ఒక గుంపుని అంత బరువైన ప్రశ్న అప్పటికప్పుడు అడిగితే, జవాబు బాధ్యత ఎక్కువగా మోసే ఒకరిద్దరి మీదే పడుతుంది. ఈ ఉదాహరణ చెప్పగానే ఎన్ చాలాసేపు ఆలోచించి, "మా గదిలో జరిగేది అదే," అన్నారు.

కెప్టెన్ విషయం

ఇక్కడే మధ్యలో ఇంకో ముడి ఉంది. కెప్టెన్ కూడా వోలాంటే. ఎన్‌తో కలిసి కొన్ని సీజన్లు ఆడినవాడు, ఆయన కన్నా చిన్నవాడు. ఇప్పుడు ముప్పై దాటాయి, కాళ్లలో వేగం తగ్గుతోంది. అతన్ని బెంచ్ మీద కూర్చోబెట్టాలని ఎన్ దాదాపు నిర్ణయించుకున్నారు. స్నేహం కోసం ఆపుతున్నానని జట్టు అనుకుంటుందేమోనన్న భయం ఆ నిర్ణయాన్ని తొందర పెడుతోంది. 1998 ప్రపంచ కప్‌కి ముందు ఒకాడా అప్పటి పెద్ద స్టార్ కజుయోషి మియురాని జట్టులోంచి తీసేసిన సంగతి కూడా ఆయన మనసులో ఉంది. పెద్ద కోచ్ అంటే అలాంటి కఠిన నిర్ణయం తీసుకోగలగాలని జపాన్‌లో చాలామందికి ఒక అభిప్రాయం.

నేను అడిగింది ఒక్కటే: "ఆ స్థానంలో మీకు ఏ పని కావాలి? ఆ పని రాసుకున్నాక కూడా అతను పనికిరాడనిపిస్తే తీసేయండి." ఆ పని ఏమిటో ఆయన వెంటనే చెప్పలేకపోయారు. సొంతంగా అంత కాలం ఆడిన స్థానం గురించి! అసలు కారణం దగ్గరికి మేం చేరామని నాకు అప్పుడు తెలిసింది.

పనిచేసినది

ఎన్ పాత మ్యాచ్‌ల వీడియోలు తెప్పించాం. శబ్దం తీసేసి, ఆయన బంతిని లాక్కున్న ప్రతి సందర్భానికీ కొద్ది క్షణాల ముందు ఆపి, "ఇప్పుడు మీరు ఏం చూస్తున్నారు?" అని అడిగాను. మొదట్లో "అనిపించింది, వెళ్లాను" అనేవారు. ఆపి ఆపి అడిగితే ఒక్కొక్కటే బయటికొచ్చింది. పాస్ ఇవ్వబోయేవాడి తల పైకి లేచిందా, కిందే ఉందా. అతని నడుము ఏ వైపు తిరిగింది. తన వెనక సెంటర్‌బ్యాక్‌కీ (డిఫెన్స్ మధ్యలో ఆడేవాడికీ), పక్క డిఫెండర్‌కీ మధ్య ఎంత ఖాళీ ఉంది. తల కిందికి ఉంటే పొడవు పాస్ రాదు కాబట్టి లైన్ ముందుకి జరగొచ్చు. తల లేచి, ఎదురుగా అడ్డుకునేవాడు లేకపోతే వెంటనే వెనక్కి.

"ఇవి అందరికీ కనిపిస్తాయనుకున్నానండీ," అన్నారు ఎన్.

కనిపించవు. ఆయనకి కూడా ఎవరూ చెప్పలేదు, ఏళ్ల తరబడి ఆడుతూ ఒంటికి పట్టింది. అందువల్లే కోచ్‌గా ఆయన నోటి నుంచి ముగింపు మాత్రమే వచ్చేది: ముందుకి, వెనక్కి. ఆ ముగింపుకి ఎలా రావాలో ఆటగాళ్లకి అందలేదు. కాబట్టి ప్రతిసారీ ఆయన వైపు చూడక తప్పేది కాదు.

తర్వాతి ప్రశ్న: మైదానంలో ఈ గుర్తులు చూసి లైన్‌ని కదిలించేది ఎవరు? గోల్‌కీపర్‌కి అన్నీ కనిపిస్తాయి, కానీ లైన్ ముందుకి వెళ్లినకొద్దీ అతని గొంతు దూరమవుతుంది. కెప్టెన్ లైన్‌కి ముందు ఉంటాడు కాబట్టి వెనక ఖాళీ అతనికి కనిపించదు. మధ్య సెంటర్‌బ్యాక్ సరైనవాడు. చిక్కేమిటంటే జట్టులో చిన్నవాళ్లలో అతనొకడు, ‘చూస్తూ ఉంటాం’ అన్న కుర్రాడే. తనకన్నా ఎనిమిదేళ్లు పెద్దవాళ్ల మీద అరవాలి.

ఇక్కడ కెప్టెన్ పాత్ర తేలింది. శిక్షణలో ఆ కుర్రాడు పిలుపు ఇవ్వగానే అందరికంటే ముందు కదిలేది కెప్టెన్ అని ఎన్ నిర్ణయించారు. పిలుపు తప్పయినా సరే, మొదట కదలాలి, తర్వాత మాట్లాడుకోవాలి. పిలుపులు రెండే, ఒక్కో మాటే, వినయపు క్రియల అవసరం లేనంత చిన్నవి. జట్టులో అందరూ గౌరవించే మనిషి కుర్రాడి మాటకి కదలడం చూశాక మిగతావాళ్లకి అడ్డు లేకుండా పోయింది. కెప్టెన్‌ని తీసేసి ఉంటే ఇది సాధ్యమయ్యేది కాదు. అతని కాళ్ల వేగం ఎన్ భయపడినంత పెద్ద విషయం కాదని కూడా తేలింది, ఎందుకంటే లైన్ కలిసి కదిలితే అతను పరిగెత్తాల్సిన ఖాళీయే తగ్గింది.

సమావేశాలు కూడా మారాయి. జట్టంతా కాకుండా డిఫెండర్లు, గోల్‌కీపర్, కెప్టెన్ మాత్రమే. కెమెరాని మైదానం ఎత్తులో పెట్టి తీసిన వీడియో. తప్పుకి ముందే ఆపి, అందరికన్నా చిన్నవాడిని మొదట అడగడం, ఎన్ ఆఖర్న మాట్లాడటం. "మీరే చెప్పండి" అన్న విశాలమైన ప్రశ్న పోయి, "ఇతని తల ఎటుంది?" అన్న చిన్న ప్రశ్న వచ్చింది. దానికి జవాబివ్వడానికి ఎవరికీ మొహమాటం లేదు.

అన్నిటికన్నా కష్టమైనది ఎన్ కూర్చోవడం. చివరి పావుగంటలో డిఫెన్స్ గురించి బెంచ్ నుంచి మాట రాకూడదని ఒప్పుకున్నాం. ముందు శిక్షణ మ్యాచ్‌లలో, తర్వాత స్నేహపూర్వక మ్యాచ్‌లో, ఆ తర్వాతే లీగ్‌లో. సబ్‌స్టిట్యూట్ల నిర్ణయం ఆయనదే, లైన్ మాత్రం లోపలివాళ్లది.

లీగ్‌లో అలా చేసిన మొదటి మ్యాచ్‌లోనే చివర్లో గోల్ పడింది. ఆ రాత్రి ఎన్ ఫోన్ చేసి, "ఇక నావల్ల కాదు, రేపట్నుంచి లేచి నిలబడతాను," అన్నారు. ఫలితం మీద మాట్లాడకుండా ముందు గోల్ చూద్దామన్నాను. చూస్తే లైన్ విరగలేదు. అందరూ కలిసే కదిలారు, కానీ ఆలస్యంగా. పాత తప్పుకి మూలం వేర్వేరు మాటలు వినడం, దీనికి మూలం పిలుపు ఆలస్యం కావడం. మొదటిదానికి శిక్షణలో మందు లేదు, రెండోదానికి ఉంది. అందుకే కొనసాగించాలన్నాను. పాత పద్ధతిలోనే గోల్ పడి ఉంటే ఆపమని నేనే చెప్పేవాణ్ని. ఎన్ ఒప్పుకున్నారు. అప్పుడు లీగ్ పట్టికలో క్లబ్ ఉన్న స్థానం చూస్తే అది ధైర్యమైన నిర్ణయమే, దాని ఘనత పూర్తిగా ఆయనది.

ఆ తర్వాత

చివరి పావుగంట గోల్స్ తగ్గాయి. జట్టు కింది అంచె జె3కి పడిపోకుండా నిలబడింది. ఇదంతా ఈ పని వల్లే జరిగిందని చెప్పలేను. గాయంతో ఉన్న ప్రధాన ఫార్వర్డ్ సీజన్ చివర్లో తిరిగొచ్చాడు, రెండో గోల్ వేసి మ్యాచ్‌ని ముందే తేల్చేయడం మొదలైంది. రెంటినీ విడదీసి చూడటం కుదరదు. లైన్ విరిగి గోల్స్ పడటం దాదాపు ఆగిపోయిందని మాత్రం వీడియో చూసి నిర్ధారించుకున్నాం.

మరుసటి ఏడాది ఎన్ ఒక అడుగు ముందుకేసి, శిక్షణలో పెద్ద భాగం అసిస్టెంట్లకి అప్పగించారు. మొరియాసు జాతీయ జట్టులో అలాగే చేస్తున్నారని ఆయన గమనించారు. 2023లో హిరోషి నానామి, ర్యోఇచి మాఎదా వంటి మాజీ జాతీయ ఆటగాళ్లని కోచ్‌లుగా చేర్చుకుని, రోజువారీ శిక్షణని వాళ్లతో నడిపిస్తూ మొరియాసు మొత్తాన్ని పైనుంచి చూసేవారు. ఎన్ దాన్ని యథాతథంగా తెచ్చుకోబోతే నేను ఒక జాగ్రత్త చెప్పాను: అప్పగించే ముందు, తల, నడుము, ఖాళీ లాంటి గుర్తులు ఆ పని విషయంలో ఏమిటో అసిస్టెంట్‌తో కూర్చుని రాసుకోవాలి. డిఫెన్స్, సెట్‌పీస్‌ల (కార్నర్, ఫ్రీకిక్ లాంటివాటి) విషయంలో అది చక్కగా కుదిరింది. అటాక్ విషయంలో కుదరలేదు. ఎన్ ఎప్పుడూ అక్కడ ఆడలేదు, బయటికి తీయడానికి ఆయన దగ్గర అంత లోతైన అనుభవం లేదు. అక్కడ ఒక మాజీ ఫార్వర్డ్‌ని తీసుకొచ్చి అతనితో మళ్లీ అదే పని, పాత వీడియోలతో, మొదటినుంచి చేయాల్సొచ్చింది.

ఈ పద్ధతికి హద్దులున్నాయి. చూపు మీద నడిచే స్థానాల్లో ఆడినవాళ్లకి, అంటే వోలాంటేలు, సెంటర్‌బ్యాక్‌లు, గోల్‌కీపర్లకి బాగా పనిచేస్తుంది. ఒంటి వేగంతో, ఒడుపుతో మైదానం పక్కల నుంచి దాడి చేసే వింగర్లు తమ నిర్ణయాలను ఇలా విడదీసి చెప్పలేరు. వాళ్లతో వేరే దారి వెతకాలి, నాకు ఇంకా పూర్తిగా దొరకలేదు. అలాగే తీసిన గుర్తులు శాశ్వతం కావు. గోల్‌కీపర్ నుంచే పాస్‌లతో ఆట కట్టే జట్లు జపాన్‌లో పెరిగాక, తల కిందికి ఉన్నవాడు కూడా ముందే చూసి పెట్టుకుని పొడవు పాస్ ఇచ్చేస్తున్నాడు. ఎన్ తన మొదటి గుర్తుని కొట్టేసి, దాని బదులు బంతి ఆఖరి స్పర్శ ఎంత దూరం వెళ్లిందో చూడమని చెప్పడం మొదలుపెట్టారు.

ఒప్పందం ముగిశాక ఆయన వేరే క్లబ్‌కి వెళ్లారు. అక్కడ చేరిన మొదటి వారంలోనే, లైన్ పిలుపు ఎవరిదో తేల్చుకున్నాకే మిగతా శిక్షణ మొదలుపెట్టారని ఆ క్లబ్ అనలిస్ట్ నాకు చెప్పారు.